ఎదురింట్లో నా ప్రయాణం

నేను ఏ ఊరికి బయల్దేరినా అప్పటికే నా ప్రయాణం మొదలైపోయి ఉంటుంది. మా ఎదురింట్లో, వాళ్ళ దేవుడి గూట్లో, అగరొత్తుల డబ్బా పక్కన, పసుపు గుడ్డలో మూటగట్టి ఉంటుంది. నేను యూనిఫాం వేసుకుని వెళ్ళి దాన్ని తీసుకోవడమే తరువాయి.

ఇదేం పిచ్చి అంటారా, చెబుతాను. ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చిన్న విమానాలు అద్దెకు తిప్పే కంపెనీలో నేను పైలట్‌ని. ప్రైవేటు జెట్ అనగానే జనం కళ్ళింతలు చేసుకుని చూస్తారు. అంత అక్కర్లేదు. ఎనిమిది సీట్లు, నిలబడితే తలకు తగిలే పైకప్పు, అంతే. పెద్ద విమానాల్లో కెప్టెన్ అంటే పెళ్ళికొడుకు లాంటివాడు, వచ్చి కూర్చుంటే చాలు. మా దగ్గర పెళ్ళివారి సూట్‌కేసులు సర్దేది, ఫ్లాస్కులో కాఫీ ఉందో లేదో చూసేది, అందరూ దిగిపోయాక సీట్ల సందుల్లో జీడిపప్పు ఏరేది కూడా కెప్టెనే. మధ్యలో కాస్త తీరిక చిక్కితే విమానం నడుపుతాను. ఒకసారి ఒక పెద్దమనిషి సీట్లో సర్దుకుని, "అమ్మా, కాఫీలో చక్కెర సరిపోలేదు. ఇంతకీ పైలట్ ఎప్పుడొస్తాడు?" అన్నాడు. "వచ్చేశాడండీ, మీ చక్కెర వెతుకుతున్నాడు," అన్నాను. బెంగళూరు చేరేదాకా ఆయన మళ్ళీ నోరెత్తలేదు.

ఈ ఉద్యోగానికి వేళాపాళా లేదు. డబ్బున్నవాడికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మా మేనేజర్ ఫోన్ చేస్తాడు, నేను అశోక్‌నగర్ నుంచి బేగంపేట ఎయిర్‌పోర్టుకి పరుగెత్తాలి. అందుకే ఊరి మధ్యలో ఈ పాత అపార్ట్‌మెంటుని పట్టుకుని వేలాడుతున్నాను. ఇంట్లో నేనూ అమ్మా, ఇద్దరమే. అమ్మది గుంటూరు వైపు. నాన్నకి బషీర్‌బాగ్‌లో ఆఫీసు ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చి ఇక్కడ దిగింది. నాన్న లేకపోయినా ఆవిడ ఈ వీధి వదలదు. పంచాంగం చూడకుండా కూరగాయల బండి దగ్గరికి కూడా వెళ్ళని మనిషి. అలాంటి మనిషి కడుపున, రాహుకాలమని లేదు, వర్జ్యమని లేదు, ఫోన్ మోగగానే ఆకాశంలోకి లేచిపోయే కూతురు పుట్టింది. ఖర్మ అని ఊరుకుంటుందా? ఊరుకోదు. దానికి శాస్త్రంలోనే ఒక దొడ్డిదారి కనిపెట్టింది.

దాని పేరు ప్రస్థానం. మనం బయల్దేరే వేళ మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియ చూసి, మనదైన వస్తువేదైనా మూటగట్టి వేరేవాళ్ళింట్లో పెట్టాలి. అప్పటితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత మనం యమగండంలో బయల్దేరినా సరే, దారిలో ఆ మూట తీసుకుని వెళ్తే చాలు, దోషం అంటదు. పూర్వం ఎప్పుడో ఒకసారి కాశీకి వెళ్ళేవాళ్ళు చేసుకునే ఏర్పాటు ఇది. మా అమ్మ దాన్ని నాకు నెలవారీ పాసు కింద మార్చేసింది. కాసిన్ని బియ్యం, ఒక పసుపుకొమ్ము, నా పాత చేతిరుమాలు కలిపి మూటగడుతుంది. తిరిగొచ్చాక నేను అది ఎదురింట్లో ఇచ్చేస్తాను, అమ్మ మళ్ళీ మంచి ఘడియ చూసి వెళ్ళి దాన్ని ముట్టుకుని వస్తుంది. శాస్త్ర ప్రకారం నేను కొన్నేళ్ళుగా ఇంట్లోనే లేను.

ఎదురింటావిడ మా అమ్మకి వదిన. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు, అంతే. కాబట్టి నాకు అత్తమ్మ. నాకు మొగుడు లేడు గనక ఆ పిలుపుతో ఎవరూ పొరబడే ప్రమాదం లేదు. వాళ్ళది మామగారి కాలం నుంచి నారాయణగూడలో ఇనుప సామాన్ల దుకాణం. అత్తమ్మ పుట్టింది ముషీరాబాద్‌లో, మెట్టింది చిక్కడపల్లిలో, ఇప్పుడు ఉంటున్నది అశోక్‌నగర్‌లో. మొత్తం జీవితం ఆటో మీటరు రెండుసార్లు మారేంత దూరంలో గడిపింది. నేనేమో పొద్దున టిఫిను ఒక రాష్ట్రంలో, మధ్యాహ్నం భోజనం ఇంకో రాష్ట్రంలో. నేను ఎక్కడికి వెళ్తున్నానో తెలుసుకోవాలని ఆవిడకి ప్రాణం కొట్టుకుపోయేది.

కానీ అడగకూడదు. బయల్దేరే మనిషిని "ఎక్కడికి?" అంటే అపశకునమని మా అమ్మ గట్టి ఆంక్ష. ఎవరైనా అడిగితే వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నుంచి బయల్దేరాలి. తమాషా ఏంటంటే, మా కంపెనీలో కూడా అదే రూలు. ఏ ప్రయాణికుణ్ణి ఏ ఊరికి తీసుకెళ్తున్నామో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ముంబైలో లాయర్లు కోటేసుకుని రాసిందీ, మా అమ్మ వంటింట్లో పోపు వేస్తూ చెప్పిందీ ఒకటే. అందుకని అత్తమ్మ చుట్టూ తిరిగి అడిగేది.

"స్వెటర్ పెట్టుకున్నవా బిడ్డా?"

"పెట్టుకోలేదు అత్తమ్మా."

"అంటే సలి లేని దిక్కే." ఆవిడ మొహం వెలిగిపోయేది. "మంచిది. నెత్తికి నూనె పెట్టకు, సముద్రం గాలికి జిడ్డయితది," అని నా మొహం చూసేది. నేను రాయిలా నిలబడేదాన్ని. అప్పుడు గూట్లోంచి మూట తెచ్చి చేతిలో పెట్టి, "పైలం బిడ్డా, పోయిరా," అనేది. నేను కూడా ఆవిడ గుమ్మంలో ఆవిడ భాషలోనే, "పోయొస్త అత్తమ్మా," అనేదాన్ని. మా అమ్మకి వినపడకుండా, మెల్లగా.

ఎందుకంటే మా అమ్మకి "పోవడం" అనే మాట పడదు. వాళ్ళ వైపు మనుషులు వెళ్తారు, పోరు. పోవడమంటే ఇక రాకపోవడమే. అసలు మా ఇంట్లో ఏదీ పోదు. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. కరెంటు కూడా పోదు, "తీశాడు" అంటుంది, ఎవడో పాపం పనిగట్టుకుని వచ్చి తీసినట్టు. నేను పైలట్‌నయ్యాక ఈ జబ్బు మరీ ముదిరింది. అత్తమ్మ "బిడ్డ పోయిందా?" అని మామూలుగా అడిగినప్పుడల్లా అమ్మ లోపలికొచ్చి దేవుడికి దణ్ణం పెట్టుకునేది. పైకి మాత్రం ఏమీ అనేది కాదు. అన్నేళ్ళ వదినలు కదా, అలా నెట్టుకొచ్చింది.

ఒక రోజు పొద్దున టీవీలో ఎక్కడో శిక్షణ విమానం ఒకటి పొలంలో దిగిందని చూపించారు. నడిపినవాడు బట్టలు దులుపుకుని నడిచి బయటికొచ్చాడు. కానీ మా అమ్మ టిఫిన్ ప్లేటు పక్కన పెట్టేసింది. దిగులు పోగొట్టుకోవడానికి సుల్తాన్ బజార్‌లో జాకెట్టు ముక్కలు కొందామని బయల్దేరింది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు మేనేజర్ ఫోను. నేను గబగబా తయారై, అత్తమ్మ దగ్గర మూట తీసుకుని, తాళాలు ఇచ్చి, అమ్మకి చెప్పమని చెప్పి బయటపడ్డాను.

అత్తమ్మ చెప్పింది. ఇంటిపని అయ్యాక ఫోన్ చేసే చెప్పింది. అమ్మ అప్పుడు కోఠీ వైపు సందులో ఒక షాపులో ఉంది, ఒకపక్క బళ్ళ హారన్లు, ఇంకోపక్క నైటీలు అమ్మేవాళ్ళ అరుపులు. ఆ రొదలో ఆవిడ చెవికి చేరింది రెండే ముక్కలు: "నీ బిడ్డ", "పోయింది."

జాకెట్టు ముక్కల షాపులో అమ్మ అలాగే నేలమీద కూలబడిపోయిందట. షాపువాళ్ళు నీళ్ళు చల్లారు, సోడా తాగించారు, ఎవరో కొత్త చీర పెట్టెతో విసిరారు. నాకు ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. ఉండదా మరి, నేను గాల్లో ఉన్నాను. ఎవరో పుణ్యాత్ములు ఆటో ఎక్కించి పంపారు. అమ్మ ఇంటికొచ్చేసరికి నేను విమానం దిగి ఫోన్ తెరిచాను. "అమ్మా, ఇడ్లీ తింటున్నాను, ఏంటి ఇన్నిసార్లు చేశావు?" అన్నాను. అటువైపు నుంచి ఒకటే ఏడుపు. తర్వాత తెలిసింది, ఆ ఏడుపు ఆపుకుని ఆవిడ నేరుగా ఎదురింటి బెల్లు కొట్టిందని.

ఆ గొడవ నేను చూడలేదు గానీ, కింద జిరాక్సు సెంటరు వాళ్ళు కూడా మిషను ఆపి విన్నారట. వాళ్ళ దయవల్ల పూర్తిగా తెలుసు.

"బంగారంలాంటి పిల్లని నోటితోనే చంపేశారు కదండీ!" అంది మా అమ్మ.

"ఏమన్న వదినా నేను? పోయింది అన్న. పోయిన మనిషిని పోయింది అనక ఏమంటరు?"

"వెళ్ళింది అంటారు! మనుషులు వెళ్తారు. పోయేవి ప్రాణాలు!"

"గట్లనా? మా తాత పోయిండు, మా నాయిన పోయిండు, మా ఆయన రోజు పోతడు. అందరు పనికి పోయి మాపటికి మంచిగ ఇంటికొచ్చిండ్రు."

అక్కడితో ఆగి ఉంటే నవ్వుకునేవాళ్ళు. మా అమ్మ ఆగలేదు. "అదేం భాషండీ బాబూ! మంచికీ చెడుకీ ఒకటే మాటా?" అంది.

అత్తమ్మ తలుపు రెక్క మీద చెయ్యి వేసిందట. తర్వాత నెమ్మదిగా, "ఈ ఊర్ల దిగిన కాన్నుంచి మా నీళ్ళు తాగుతున్నవ్, మా గాలి పీలుస్తున్నవ్. మా బాస మాత్రం నీ చెవులకు గలీజా వదినా?" అని తలుపేసుకుంది.

సాయంత్రం నేను తిరిగొచ్చి మూట ఇవ్వబోతే అత్తమ్మ తలుపు సగమే తీసింది. "మీ ఇంట్లనే పెట్టుకో బిడ్డా. మా ఇంట్ల అన్నీ పాడు మాటలుంటయ్," అంది. నా తల మీద ఒకసారి చెయ్యి వేసి తలుపు మూసేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా అమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోకొచ్చి, "వెళ్ళి క్షమాపణ చెప్పు," అన్నాను. "నేనా? పోయి నేను చెప్పాలా?" అని, తన నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నాలిక కరుచుకుని, ఇంకా కోపం తెచ్చుకుంది.

ఇక మూటకి ఇల్లు లేదు. మనింట్లో పెట్టుకోకూడదా అంటే, మనింట్లో ఉంటే అది ప్రయాణం కాదట, సామానట. చుట్టాలున్నది కూకట్‌పల్లిలో, అక్కణ్ణుంచి మూట తెచ్చుకునేలోపు విమానానికి తుప్పు పడుతుంది. కింద జిరాక్సు సెంటర్లో పెడితే ఎవడి హాల్‌టికెట్‌తోనో కలిసి నా ప్రయాణం పరీక్ష హాలుకి చేరుతుంది. చివరికి అమ్మ పై అంతస్తులో స్టడీ హాల్ నడిపే ఆయన్ని ఎంచుకుంది. గ్రూప్స్ రాసి రాసి, వయసు దాటిపోయి, ఇప్పుడు రాసేవాళ్ళకి కుర్చీలు కిరాయికిచ్చే పెద్దమనిషి ఆయన. మంచివాడే. కానీ ప్రశ్న అడక్కుండా ఉండలేడు.

"ఎక్కడికి మేడమ్?" అన్నాడు మొదటి రోజే. నేను పళ్ళు కొరుక్కున్నాను. నా వెనక మెట్ల మీద నిలబడ్డ అమ్మ అయ్యయ్యో అంది. కిందికి దిగాను, కూర్చున్నాను, నీళ్ళు తాగాను, మళ్ళీ ఎక్కాను. "అదే మేడమ్, ఏ ఊరని? ఆ ఊరు ఏ నది ఒడ్డున ఉందో చెప్పండి చూద్దాం," అన్నాడు ఉత్సాహంగా. మళ్ళీ దిగాను. ఆ రోజు నేను తాగిన నీళ్ళకి విమానంలో పడ్డ అవస్థ ఆ దేవుడికే తెలుసు. బేగంపేటకి ఆలస్యంగా చేరాను. ప్రయాణికుడు మంచివాడు కాబట్టి మొహం మాడ్చుకుని ఊరుకున్నాడు.

రెండోసారి నా విమానం ఎక్కిన ప్రయాణికుడు పంచాంగం పిచ్చిలో మా అమ్మకి అన్నయ్య. ఆయన కూడా ముహూర్తం చూసుకునే బయల్దేరే మనిషి. నేను ఇక్కడ మూడో గ్లాసు నీళ్ళు తాగుతుంటే అక్కడ ఆయనకి రాహుకాలం వచ్చేసింది. "ఇక ఇవాళ కుదరదు," అని దిగిపోయాడు. మూట తెచ్చుకున్న నేను సిద్ధం, మూట లేని ఆయన వెనక్కి. "మీరూ ఒక ప్రస్థానం పెట్టుకోవాల్సిందండీ," అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. "ఆలస్యానికి కారణం ఏం చెప్పమంటారు మేడమ్? సాంకేతిక లోపమనా?"

"మంచినీళ్ళు ఎక్కువయ్యాయని చెప్పండి."

ఆయన నవ్వలేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే నా స్థానంలో ముంబై నుంచి కెప్టెన్ని తెచ్చుకుంటామన్నాడు. అరుపు లేదు, కేక లేదు, మర్యాదగా చెప్పాడు. అదే నాకు భయమేసింది. ఈ ఊళ్ళో ఇలాంటి ఉద్యోగాలు వీధికొకటి ఉండవు. ఇది ఊడితే నేను ముంబైకో ఢిల్లీకో మారాలి. అమ్మ ఈ వీధి దాటి రాదు. అంటే నాకు ఉద్యోగమో అమ్మో, ఏదో ఒకటే మిగులుతుంది.

అది అలాగే అమ్మకి చెప్పేశాను. "మూట సంగతి మర్చిపో. మంచి ఇంజన్లున్నాయి, పక్కన కో-పైలట్ ఉన్నాడు, నాకు బుర్ర ఉంది. చాలదా?"

"మూట లేకుండా నువ్వు గడప దాటితే నేను అన్నం ముట్టను."

"అయితే నువ్వే నడుపు విమానం. ముహూర్తం చూసి ఎక్కించు, ముహూర్తం చూసి దించు. మధ్యలో వర్జ్యం వస్తే మబ్బు మీద ఆపుకో."

అమ్మ తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ రోజు షాపులో కింద కూర్చున్నప్పుడు, నువ్వు పుట్టిన రోజు నుంచి అన్నీ కనపడ్డాయే నాకు," అంది.  ఆవిడ భయం ముందు నా ఇంజన్లు ఏం చెయ్యగలవు?

మర్నాడే మళ్ళీ ఫోను. ఆ మరుసటి పొద్దున్నే ప్రయాణం. పంచాంగం చూస్తే తెల్లారాక కాసేపే మంచి ఘడియ, నేను బయల్దేరే వేళకి రాహుకాలం. పై అంతస్తు ఆయన కొత్త ప్రశ్నలతో తయారుగా ఉన్నాడని నాకు తెలుసు. యూనిఫాం వేసుకుని, షూ లేసులు కట్టుకుని, ఇవాళ మూట లేకుండానే వెళ్ళిపోవాలని నిశ్చయించుకుని హాల్లోకొచ్చాను. అమ్మ లేదు. మా తలుపు తెరిచి ఉంది.

అమ్మ ఎదురింటి గుమ్మం ముందు నిలబడి ఉంది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో పసుపు మూట పట్టుకుని. బెల్లు కొట్టలేదు. కొట్టడానికి చెయ్యెత్తుతోంది, దించుతోంది. మంచి ఘడియ ఇంకెంతోసేపు లేదని గడియారం వైపు చూడకుండానే నాకు తెలిసింది. 

చివరికి కొట్టింది. అత్తమ్మ తలుపు తీసింది. పాల ప్యాకెట్ కోసం అనుకున్నట్టుంది, చేతిలో గిన్నె ఉంది. మా అమ్మని చూసి అలాగే నిలబడిపోయింది. 

"వదినా," అంది మా అమ్మ.  ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన నోట పలకని మాటల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుని, పరీక్షలో అప్పజెప్పే పిల్లలా చెప్పింది. "బిడ్డ పోతున్నది. జర... ఈ మూట పెట్టుకుంటరా?"

 కూతురు పోతున్నదని తన నోటితో తానే అన్న తల్లి మొహం చూశాను. 

అత్తమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టేసి, మా అమ్మ నోరు గట్టిగా మూసేసింది.

"అయ్యో, పోతున్నది ఏంది వదినా! పొద్దుగాల పొద్దుగాల పాడు మాట! గట్లంటరా ఎవరన్న? పోయొస్తది అనాలె."

మా అమ్మ అయోమయంగా చూసింది.

"ఆ దినం గూడ నేను గదే చెప్పిన. ‘నీ బిడ్డ పోయొస్త అని చెప్పి పోయింది’ అన్న. నీకు పోవుడే ఇనపడ్డది. వచ్చుడు ఇనపడలే." అత్తమ్మ మా అమ్మ నోటి మీది చెయ్యి తీసింది. "మా బాసల గూడ వచ్చుడు ఉంటది వదినా. మేం గూడ పిల్లల్ని కన్నోళ్ళమే."

అమ్మ ఏడ్చింది. అత్తమ్మ కూడా. ఏడుస్తూనే మూట లాక్కుని లోపలికి పరుగెత్తి గూట్లో పెట్టింది, ఘడియ దాటిపోతుందని. పెట్టి వెనక్కి తిరిగేసరికి నేను గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డాను, నాకు టైమైపోతోందని. మూట గూట్లో రెండు ఊపిరులసేపు ఉందో లేదో. శాస్త్రం ఒప్పుకుంటుందా అని అడిగితే, "ఒప్పుకోక ఏం చేస్తది?" అంది అత్తమ్మ.

మూట నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళ ఆకలంతా మొహంలో పెట్టుకుని అడిగింది. "స్వెటర్ పెట్టుకున్నవా బిడ్డా?"

"పెట్టుకున్నాను అత్తమ్మా."

"సలి దిక్కు!" అంది మా అమ్మ వైపు తిరిగి. మా అమ్మ కూడా తల ఊపింది.

నేను మెట్లు దిగుతూ అలవాటుగా, ఈసారి మెల్లగా కాకుండా, "పోయొస్త," అన్నాను. వెనక నుంచి అత్తమ్మ జవాబు రాలేదు. ఆవిడ మా అమ్మ కోసం ఆగింది.

"పోయి," అంది మా అమ్మ. అక్కడ ఒక్క క్షణం ఆగి, కింద జిరాక్సు సెంటరు దాకా వినపడేలా, "రా!" అంది.